సత్తువ ఎక్కడ నుంచి వస్తుంది? - టానిక్కు కొనే ముందు తెలుసుకోవలసిన విషయాలు

"కమ్‌జోరీగా ఉంది, బలానికి ఏదైనా రాసివ్వండి." మతబ్‌లో కూర్చున్న ఏ హకీమునైనా అడిగి చూడండి, రోజూ ఎక్కువగా వినే మాట ఇదే. నిద్ర లేవగానే ఒళ్లు బరువుగా ఉంటుందని, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందని, మధ్యాహ్నానికే కళ్లు మూతలు పడుతున్నాయని చెబుతారు. వెంటనే ఒక పొడి డబ్బా, ఒక సీసా టానిక్కు, కుదిరితే ఒక ఖమీరా కావాలంటారు. బాగేపల్లి, చింతామణి, పరగోడు చుట్టుపక్కల కుటుంబాల్లో ఇప్పుడు నెల సరుకుల చీటీలోనే ఈ డబ్బాల పేర్లు కూడా చేరిపోయాయి.

డబ్బా కొనడం తప్పని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఏ లోటుకు ఏది వాడాలి, ఎంతకాలం వాడాలి, ఎవరు వాడకూడదు అన్నది తెలియకుండా కొంటే రెండు నష్టాలున్నాయి. మొదటిది డబ్బు. రెండోది అంతకంటే పెద్దది. టానిక్కు తాగుతున్నాం కదా అన్న ధీమాతో అసలు జబ్బును నెలల తరబడి పట్టించుకోకపోవడం.

యునానీ వైద్యం ఏమంటుంది?

ఇబ్నె సీనా (980-1037) తన 'అల్ ఖానూన్'లో వివరించిన పద్ధతి ప్రకారం శరీరంలోని శక్తులు మూడు. ఆహారాన్ని అరిగించి శరీరానికి అందించే ఖువ్వతె తబయియ్యాకు స్థానం జిగర్, అంటే కాలేయం. ప్రాణాన్ని నిలిపే ఖువ్వతె హైవానియ్యాకు స్థానం గుండె. ఆలోచన, కదలిక, ఇంద్రియాలను నడిపే ఖువ్వతె నఫ్సానియ్యాకు స్థానం మెదడు. ఈ మూడింటిలో ఎక్కడ తేడా వచ్చినా రోగి చెప్పేది ఒకే మాట - కమ్‌జోరీ. అందుకే పాత హకీములు ఆ మాట వినగానే మందు రాసేవారు కాదు. నాడి చూసేవారు, నాలుక చూసేవారు, కనురెప్ప కిందికి లాగి చూసేవారు, ఆకలి, నిద్ర, విరేచనం గురించి అడిగేవారు.

చికిత్సలోనూ ఒక వరుస ఉంది. ముందు ఆహారంతో చికిత్స, అంటే ఇలాజ్ బిల్ గిజా. దానికి తోడు జీవన విధానాన్ని సరిచేసే ఇలాజ్ బిత్ తద్‌బీర్. ఆ రెంటితో పని జరగనప్పుడే మందు. ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు విషయాలను అస్బాబె సిత్తా జరూరియా అంటారు. అవి గాలి, తిండీ నీళ్లు, శరీరపు కదలిక - విశ్రాంతి, మనసు కదలిక - విశ్రాంతి, నిద్ర - మెలకువ, శరీరంలో ఉంచుకోవలసినవి - బయటికి పంపవలసినవి. ఈ ఆరింటిలో టానిక్కు పేరు ఎక్కడా లేదు. రాత్రి 1 గంట దాకా ఫోను చూసి, ఉదయం ఏమీ తినకుండా పనికి వెళ్లే మనిషికి ఎంత ఖరీదైన ఖమీరా ఇచ్చినా అది చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

నీరసం వెనుక ఏముంటుంది?

నీరసం దానికదే జబ్బు కాదు, ఏదో జబ్బుకు గుర్తు. రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈ కింది కారణాలను వరుసగా చూసుకోవాలి.

1. రక్తలేమి. యునానీలో సూవుల్ ఖినియా అంటారు. కనురెప్పల లోపల, నాలుక, గోళ్లు పాలిపోవడం, ఆయాసం, గుండె దడ, తల తిరగడం దీని లక్షణాలు. కొందరికి మట్టి, బియ్యం, సుద్ద తినాలనిపిస్తుంది.

2. చక్కెర వ్యాధి. దాహం, మాటిమాటికీ మూత్రం, తింటున్నా బరువు తగ్గడం. పరగడుపున రక్తంలో చక్కెర 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉంటే మరోసారి పరీక్షించి నిర్ధారించుకోవాలి.

3. థైరాయిడ్ మందగించడం. ఒళ్లు బరువెక్కడం, చలికి తట్టుకోలేకపోవడం, జుట్టు రాలడం, మలబద్ధకం. ఆడవాళ్లలో ఎక్కువ.

4. బి12, డి విటమిన్ల లోటు. కాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు, నాలుక మంట బి12 లోటుకు గుర్తులు. ఎముకల్లో, నడుములో నొప్పి, కండరాల బలహీనత డి లోటుకు గుర్తులు.

5. క్షయ. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. కఫం పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

6. మనసు బాధ, నిద్రలేమి. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. ఆరు తప్పనిసరి విషయాల్లో రెండు దీని గురించే ఉన్నాయి.

రక్తంలో హిమోగ్లోబిన్, చక్కెర, థైరాయిడ్ - ఈ మూడు పరీక్షలు తాలూకా ఆసుపత్రిలోనే చేయించుకోవచ్చు. చాలామందికి ఈ మూడింటితోనే దారి దొరుకుతుంది. పరీక్షలు అల్లోపతీ వాళ్లవి, మనకెందుకు అనుకోకండి. రోగం ఏమిటో తెలిశాక చేసే చికిత్సే చికిత్స, అది ఏ పద్ధతి అయినా సరే.

మన ఇళ్లలో ఆడవాళ్ల సంగతి

2019-21లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తలేమి ఉన్నవారు దేశం మొత్తం మీద 57 శాతం. కర్ణాటకలో 47.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంటే సరిహద్దుకు ఇటు చూసినా అటు చూసినా ఇద్దరు ఆడవాళ్లలో దాదాపు ఒకరికి రక్తం తక్కువ.

గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములు, గర్భిణికి 11, మగవారికి 13 ఉండాలి. 8 కంటే తగ్గితే ఇంటి వైద్యంతో కాలం గడపకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి.

మతబ్‌లో తరచూ కనిపించే పరిస్థితి ఒకటి చెబుతాను. ఇంట్లో పిల్లలకు ఒక పాలపొడి డబ్బా, పెద్దాయనకు ప్రొటీన్ పొడి, దాదీకి కాల్షియం మాత్రలు ఉంటాయి. అందరికంటే ముందు లేచి, అందరికీ వడ్డించి, చివరికి మిగిలింది తినే కోడలికి మాత్రం ఏమీ ఉండదు. ఆమె రక్తం పరీక్ష చేయిస్తే 7 అనో 8 అనో వస్తుంది. ఆమె నెలసరిలో ఎంత రక్తం పోతోందో, ఎన్ని రోజులు పోతోందో ఇంట్లో ఎవరూ అడిగి ఉండరు. ఆమె కూడా చెప్పి ఉండదు. ఇంటి సత్తువ అంతా ఎవరి చేతుల మీద నడుస్తోందో ఆ మనిషిని ముందు చూసుకోవాలి. ఈ వ్యాసం చదివి ఒక్క పని చేయాలనుకుంటే, ఈ వారంలో మీ ఇంట్లోని ఆడవాళ్లకు, ఎదిగిన ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

మగవారికి, వయసు మళ్లినవారికి రక్తం తగ్గితే అది ఎక్కడినుంచి పోతోందో కూడా చూడాలి. మొలలు, కడుపులో పుండు, పేగుల జబ్బు ఉండవచ్చు. విరేచనం తారులా నల్లగా వస్తుంటే ఆలస్యం చేయకూడదు.

మన నేల ఇచ్చే బలం

మన ప్రాంతం వారు అదృష్టవంతులు. ఖరీదైన డబ్బాల మీద రాసి ఉండే గుణాల్లో చాలా భాగం మన చేలలోనే పండుతాయి.

రాగులు: 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే తూకం పాలలో ఉండేది సుమారు 120. ఇనుము 4 నుంచి 5 మిల్లీగ్రాములు. పెద్దలకు రోజుకు కావలసిన కాల్షియం 1000 మిల్లీగ్రాములని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. మధ్యాహ్నం ఒక సంగటి ముద్ద, ఉదయం ఒక గ్లాసు అంబలి తీసుకుంటే అందులో సగం వరకు వచ్చేస్తుంది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తర్వాత పట్నాల్లో రాగిపిండికి గిరాకీ పెరిగింది. మన పిల్లలేమో సంగటి చూస్తే మొహం తిప్పుకుంటున్నారు! అయితే ఒక మాట. రాగుల్లోని కొన్ని పదార్థాలు ఇనుమును పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. రాగులను నానబెట్టి, మొలకలెత్తించి, ఆరబెట్టి పిండి పట్టిస్తే ఈ లోపం చాలావరకు తగ్గుతుంది. అంబలిని రాత్రంతా పులియబెట్టినా మంచిదే.

ఉలవలు: 100 గ్రాములకు సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు, 8 మిల్లీగ్రాములకు పైగా ఇనుము. ఉలవకట్టు తీసి చారు చేసుకుని గుగ్గిళ్లు పశువులకు వేయకండి, అవి కూడా తినండి. వేడి మిజాజ్ గలవారు, కడుపులో మంట ఉన్నవారు కొంచెం తగ్గించి మజ్జిగతో తీసుకోవాలి.

చెనిక్కాయలు: మాంసకృత్తులు 23 నుంచి 25 శాతం, కొవ్వు 40 శాతం. గుప్పెడు చాలు. బెల్లంతో కలిపి పిల్లలకు సాయంత్రం పూట పెడితే ఏ బిస్కెట్టూ దానికి సాటి రాదు. బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి పారేయాలి. వాటిలోని విషం కాలేయానికి చేటు.

ఆకుకూరలు, పుల్లనివి: మునగాకు, తోటకూర, మెంతికూర. వీటిలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన పులుపు ఉండాలి. నిమ్మరసం పిండుకోండి, లేదా భోజనంతో ఒక ఉసిరికాయ, ఒక జామపండు తినండి. విటమిన్ సి ఇనుమును లోపలికి చేర్చే తాళంచెవి.

మాంసం, కలేజీ, గుడ్డు: ఇవి మన ఇళ్లలో కొత్త కాదు. మాంసంలోని ఇనుము కూరల్లోని ఇనుము కంటే తేలికగా ఒంటికి పడుతుంది. బి12 శాకాల్లో దొరకదు, మాంసం, చేప, గుడ్డు, పాలలోనే దొరుకుతుంది. రక్తం తక్కువగా ఉన్నవారు 10 రోజులకొకసారి కొద్దిగా మేక కలేజీ తినవచ్చు. గర్భిణులు మాత్రం కలేజీ మానుకోవాలి. అందులో ఎక్కువగా ఉండే విటమిన్ ఏ కడుపులోని బిడ్డకు మంచిది కాదు. వారానికొకసారి దావత్‌లో బిర్యానీ ఎక్కువగా తిని మిగతా ఆరు రోజులు అన్నం, చారుతో గడపడం కంటే, రోజూ కొంచెం పప్పు, వారానికి మూడు నాలుగు గుడ్లు, రెండుసార్లు కొద్దిగా మాంసం మేలు.

మాంసకృత్తులు ఎంత కావాలి? కిలో బరువుకు రోజుకు సుమారు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పప్పు, ఉలవలు, పెరుగు, గుడ్డుతో ఇది పూర్తవుతుంది. ప్రొటీన్ పొడి అవసరం పెద్ద జబ్బునుంచి లేచినవారికి, నమలలేని వృద్ధులకు ఉండవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దాన్ని ముట్టకూడదు.

టీ అనే దొంగ

శిడ్లఘట్ట, చింతామణి వైపు పట్టుదారం తీసే పని ఎందరో చేస్తారు. తెల్లవారక ముందే లేచి, వేడినీళ్ల ఆవిరి దగ్గర గంటల తరబడి నిలబడే పని. ఉదయం పది దాకా కడుపులో పడేది రెండు మూడు కప్పుల టీ, ఒక బన్ను. చింతామణి టమాటా మండీలో బరువులు మోసేవారి సంగతీ అంతే. టీ తాగితే నీరసం పోయినట్టు అనిపిస్తుంది. నిజానికి టీ బలం ఇవ్వదు, ఆకలిని, అలసటను కాసేపు కప్పిపెడుతుంది. అంతేకాదు, భోజనంతో పాటు తాగిన టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

టీ మానమని చెప్పడం లేదు. భోజనానికి ఒక గంట ముందు, ఒక గంట తర్వాత టీ వద్దు. ఇనుము మాత్రను టీతో అసలు మింగవద్దు. పనికి వెళ్లేవారు ముందుగా ఒక గ్లాసు అంబలి మజ్జిగ తాగి, తర్వాత టీ తాగండి. ఈ ఒక్క మార్పుతోనే పది రోజుల్లో మధ్యాహ్నం నీరసంలో తేడా తెలుస్తుంది.

కుర్రవాళ్లు తాగే ఎనర్జీ డ్రింకుల సంగతి కూడా ఇదే. వాటిలో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండవచ్చని నిబంధన. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగరాదని డబ్బా మీదే రాసి ఉంటుంది. చక్కెర అదనం.

నీళ్లను కూడా చూడండి

బాగేపల్లి, గుడిబండ, చింతామణి తాలూకాల్లో చాలా చోట్ల లోతు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. బాగేపల్లి ప్రాంతపు తాగునీటి కోసమే చిత్రావతి మీద పరగోడు దగ్గర ఆనకట్ట కట్టారు. అయినా కరువు సంవత్సరాల్లో మళ్లీ బోరు నీళ్లే గతి అయిన ఊళ్లు ఉన్నాయి.

లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు మంచిది, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద పసుపు, గోధుమ రంగు గీతలు, మెడ, నడుము బిగుసుకుపోవడం, కీళ్ల నొప్పులు వస్తాయి. కడుపులో అసౌకర్యం, నీరసం కూడా ఉంటాయి. ఇలాంటివారు ఎన్ని టానిక్కులు తాగినా నీళ్లు మార్చకపోతే ఫలితం తక్కువే.

చాలామంది నీళ్లు కాచి తాగితే సరిపోతుందనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి కాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి, వంటకు శుద్ధ నీటి కేంద్రం నీళ్లు, లేదా శుభ్రంగా పట్టిన వాననీళ్లు వాడండి. కాల్షియం, విటమిన్ సి బాగా ఉన్న తిండి తినేవారిలో ఫ్లోరైడ్ చేసే హాని తక్కువ. రాగులు, పాలు, ఉసిరి ఇక్కడ కూడా పనికొస్తాయి. నల్ల ఉప్పు, బ్లాక్ టీ ఎక్కువగా వాడకండి, వాటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

మాత్రలు ఎప్పుడు?

తిండి మంచిదే కాని, హిమోగ్లోబిన్ 9కి పడిపోయిన మనిషికి సంగటి, ఆకుకూర మాత్రమే చాలవు. అప్పుడు మాత్ర కావాలి.

ఇనుము: 2018లో మొదలైన రక్తలేమి నివారణ పథకం కింద గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇనుము - ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. ప్రసవం తర్వాత మరో 180 రోజులు. బడి పిల్లలకు వారానికొకటి. ఆశా కార్యకర్త ఇచ్చిన మాత్రలు "వేడి చేస్తాయి", "బిడ్డ నల్లగా పుడుతుంది" అని అల్మారాలో దాచేవారు ఇంకా ఉన్నారు. బిడ్డ రంగుకు, ఈ మాత్రకు సంబంధం లేదు. విరేచనం నల్లబడటం మామూలే. వికారంగా ఉంటే రాత్రి భోజనం తర్వాత వేసుకోండి. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు, రెండింటి మధ్య కనీసం 2 గంటలు ఎడం ఉండాలి. రక్తం సరిపోయిందని తెలిసిన తర్వాత కూడా మరో 3 నెలలు వాడితేనే నిల్వ చేరుతుంది. ఎంత వాడినా రక్తం పెరగకపోతే తలసేమియా వంటివి ఉన్నాయేమో చూడాలి. అప్పుడు ఇనుము పెంచుకుంటూ పోవడం ప్రమాదం.

బి12: చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గుతుంది. అరికాళ్ల తిమ్మిర్లు షుగరు వల్లే అనుకుని ఊరుకోకుండా బి12 పరీక్ష చేయించుకోండి.

విటమిన్ డి: 60,000 యూనిట్ల పొడి వారానికొకటి చొప్పున డాక్టరు చెప్పినన్ని వారాలే. దుకాణంలో కొని నెలల తరబడి వాడితే కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు. ఇంటిపట్టునే ఉండే ఆడవాళ్లు ఉదయం 10-11 గంటల మధ్య మిద్దె మీదనో, పెరట్లోనో చేతులు, కాళ్లకు కాసేపు ఎండ తగలనిస్తే మంచిది.

యునానీ బలవర్ధకాలు - ఎవరికి ఏది?

ఇనుము లోటుకు మన వైద్యంలో షర్బతె ఫౌలాద్, మాజూన్ ఖబ్సుల్ హదీద్ ఉన్నాయి. ఖబ్సుల్ హదీద్‌ను శుద్ధి చేసి హలేలా, బలేలా, ఆమ్లా - అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయలతో కలుపుతారు. ఇనుముకు ఉసిరి తోడు ఉండాలని పాత హకీములు అనుభవంతో కనిపెట్టారు. కొద్దిపాటి లోటుకు, మాత్రలు పడనివారికి ఇవి ఉపయోగం. అరుగుదల మందగించినవారికి ముందు జవారిషె జాలీనూస్ వంటివి ఇచ్చి మేదాను సరిచేయాలి. అరగనివాడికి బలమైన తిండి భారమే. గుండె దడ, మనసు అలసటకు ఖమీరా గావ్‌జబాన్ ఇస్తారు. కండరాల బలహీనతకు అస్‌గంధ్, అంటే పెన్నేరు గడ్డ వాడతారు.

ఇప్పుడు జాగ్రత్తలు చెప్పాలి.

ఖమీరా, మాజూన్, షర్బత్ - ఇవన్నీ చక్కెర లేదా తేనె పాకంలో చేసేవి. మాజూన్‌లో మందు తూకానికి రెండు మూడు రెట్లు పాకమే ఉంటుంది. యునానీ మందు కదా, ఏమీ కాదు అనుకుని చక్కెర వ్యాధి ఉన్నవారు తింటే షుగరు పెరుగుతుంది. వారికి పొడి రూపంలో, హబ్ రూపంలో ఇచ్చే మందులు వేరే ఉన్నాయి, అడిగి తీసుకోండి.

అస్‌గంధ్ గర్భిణులకు వద్దు. థైరాయిడ్ మందులు, నిద్ర మాత్రలు వాడేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు చెప్పకుండా వాడరాదు. దాన్ని వాడినవారిలో కొందరికి కామెర్లు వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ దాని ఆకులు వాడవద్దని, వేరునే వాడాలని తయారీదారులకు సూచించింది.

కుష్తాల విషయంలో మరీ జాగ్రత్త. లోహాలను భస్మం చేసే పని అందరికీ చేతకాదు. పాదరసం, షింగ్రఫ్, సమ్ముల్ ఫార్, కుచ్లా వంటివి చట్టం ప్రకారమే విష పదార్థాల పట్టికలో ఉన్నాయి. అవి కలిసిన మందు మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. సంతలోనో, ఉర్సులోనో, బస్టాండులోనో పేరు, లైసెన్సు లేని పొట్లంలో అమ్మే 'తాఖత్ కా నుస్ఖా' కొనవద్దు. వారం రోజుల్లో ఆకలి పెరిగి, మొహం గుండ్రంగా ఉబ్బి, ఒళ్లు చేసినట్టు కనిపిస్తే సంతోషపడకండి. అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. ఇలాంటివి నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. ఆ పొట్లంతో సహా ఆసుపత్రికి వెళ్లాలి.

డబ్బా చదవడం నేర్చుకోండి

2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, పాలలో కలిపే పొడులను 'హెల్త్ డ్రింక్' పేరుతో అమ్మవద్దని ఇంటర్నెట్ అమ్మకందారులకు చెప్పింది. ఆహార భద్రతా చట్టంలో అలాంటి విభాగమే లేదన్నది కారణం. కాబట్టి ముందు వైపు బొమ్మను వదిలేసి వెనుక వైపు చదవండి.

- 100 గ్రాములకు అదనపు చక్కెర ఎంత? 30 గ్రాములుంటే మూడో వంతు చక్కెరే కొంటున్నారన్న మాట.
- పదార్థాల జాబితాలో మొదట రాసినది అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. మొదటి రెండు మూడింటిలో చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే అది తీపి పొడి.
- ఆహార సంస్థ 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉందా?
- పోషక సప్లిమెంట్ల మీద 'ఔషధంగా వాడటానికి కాదు' అని ముద్రించాలన్నది నిబంధన. దాన్ని మందు పేరుతో అమ్మేవారిని నమ్మకండి.
- అదే ధరకు ఎన్ని కిలోల రాగులు, ఎన్ని గుడ్లు, ఎంత చెనిక్కాయలు వస్తాయో లెక్క వేయండి.

ఇంట్లోనే పొడి చేసుకోవచ్చు. మొలకెత్తించి ఆరబెట్టిన రాగులు 500 గ్రాములు, వేయించిన పుట్నాలు 150, వేయించిన చెనిక్కాయలు 150, బాదం 50, నువ్వులు 50, కొద్దిగా ఏలకులు. విడివిడిగా వేయించి, చల్లారాక పొడి చేసి, గాజు సీసాలో పెట్టి 15-20 రోజుల్లో వాడేయండి. రెండు చెంచాల పొడిని నీళ్లలో ఉడికించి పాలు కలపండి. పిల్లలకు కొద్దిగా బెల్లం, షుగరు ఉన్నవారికి బెల్లం లేకుండా. ఏడాది లోపు బిడ్డలకు గింజలున్న ఈ పొడిని డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

రంజాన్‌లో

సహరీలో తెల్ల అన్నం, పరాఠా, టీతో సరిపెడితే పది గంటలకే ఒళ్లు తేలిపోతుంది. సంగటి లేదా జొన్న రొట్టె, పప్పు లేదా గుడ్డు, పెరుగు తీసుకుంటే నెమ్మదిగా అరిగి అసర్ దాకా బలం నిలుస్తుంది. ఇఫ్తార్‌లో ఖర్జూరాలు రెండు మూడు చాలు. షుగరు ఉన్నవారు ఒకటి. షర్బత్ కంటే నీళ్లు, మజ్జిగ మేలు. ఇనుము మాత్రను ఇఫ్తార్‌కు, సహరీకి మధ్య టీ లేని సమయంలో వేసుకోవాలి. ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు రంజాన్‌కు నెల ముందే వైద్యుని కలిసి మోతాదు సరిచేసుకోవాలి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

నీరసంతో పాటు ఛాతీ నొప్పి, పడుకున్నా ఆయాసం, కాళ్ల వాపు, నెల రోజుల్లో కారణం లేకుండా 3-4 కిలోలు తగ్గడం, నల్లటి విరేచనం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం - వీటిలో ఏది కనిపించినా హకీము దగ్గరికి కాదు, నేరుగా పెద్ద ఆసుపత్రికి వెళ్లండి.

మిగతావారికి చెప్పేది ఒక్కటే వరుస. ముందు నిద్ర, నీళ్లు, వేళకు తిండి. రెండోది పరీక్ష. మూడోది, లోటు ఏదో తెలిశాక ఆ లోటుకు తగిన మాత్ర లేదా మందు, చెప్పినన్నాళ్లు. డబ్బా నాలుగోది. మొదటి మూడూ సరిగ్గా చేసినవారిలో చాలామందికి నాలుగోదాని అవసరం రాదు. రాగుల బస్తా ఇంట్లో ఉండి, ఉసిరిచెట్టు పెరట్లో ఉండి, కోడలికి రక్తం 12 ఉన్న ఇల్లు బలమైన ఇల్లు.